పెత్తనం చేసే తండ్రి ముందు మీ పాత్ర ఏం చేస్తుంది? కథలు రాసేవాళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

తండ్రి గట్టిగా అరుస్తాడు: "ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి." కొడుకు తలెత్తి, "నాకూ ఒక మనసుంది నాన్నా" అని మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ మాట్లాడతాడు. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. తండ్రి కరిగిపోతాడు. మన పత్రికల్లో, వెబ్‌సైట్లలో, షార్ట్ ఫిల్ముల్లో ఈ సన్నివేశం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చదివేవాడికి ఆ ఒకటిన్నర పేజీలో రాబోయే ప్రతి వాక్యం ముందే తెలుసు.

అక్కడ డైలాగులు మార్చినంత మాత్రాన పని జరగదు. ఇన్నాళ్లూ ఆ తండ్రి కొడుకుని దేనితో పట్టి ఉంచాడో రచయిత తేల్చుకోలేదు, చిక్కంతా అందులోనే ఉంది. అరుపుతోనే పట్టి ఉంచి ఉంటే ఆ కొడుకు పదో తరగతిలోనే ఎదురు తిరిగేవాడు. ఏ పనిముట్టుతో అదుపు చేస్తున్నారో, పాత్ర ఇచ్చే జవాబు కూడా ఆ పనిముట్టులోంచే పుట్టాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. కింద ఉన్న మెట్లన్నీ దీన్ని పని చేయించడానికే.

ఉదాహరణకి ఒక ఇల్లు కల్పించుకుందాం. నరసరావుపేటలో వీరభద్రరావుకి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. కూతురు లలిత బీకాం పూర్తి చేసి రెండేళ్లుగా ఆ కొట్లోనే లెక్కలు రాస్తోంది. హైదరాబాద్ వెళ్లి బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలని ఆమె కోరిక. తండ్రి కొట్టడు, తిట్టడు. "నీకేం తక్కువ చేశానమ్మా?" అంటాడు. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది.

మొదటి మెట్టు: పనిముట్టు పేరు రాసుకోండి

కథ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద "ఈయన దేనితో అదుపు చేస్తున్నాడు?" అని రాసి, కింద ఒక్క మాటలో జవాబు రాయండి. "కఠినంగా ఉంటాడు" అని రాస్తే కుదరదు, అది స్వభావం. పనిముట్టు అంటే చేతికి దొరికేది, ఇంట్లో కనిపించేది కావాలి.

డబ్బు అన్నిటికన్నా తేలికైనది. ఫీజు ఎవరు కడుతున్నారు, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది, జీతం పడిన రోజు ఫోన్ ఎవరు చేస్తారు లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. సమాచారం ఇంకొకటి. వీధి చివర కిరాణా కొట్టువాడి దగ్గర్నుంచి కాలేజీ క్లర్కు దాకా అమ్మాయి ఎక్కడుందో ఎప్పటికప్పుడు చేరవేసేవాళ్లు ఉంటారు. ఈ అదుపుని చూపించడానికి తండ్రి సన్నివేశంలో ఉండనక్కర్లేదు. పరువు మూడోది. "నలుగురిలో తలెత్తుకోలేను" అన్నప్పుడు ఆ నలుగురూ ఎవరో రచయితకి పేర్లతో సహా తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా రాయడానికి కష్టమైనది కన్నీళ్ల పనిముట్టు. తల్లి రెండు పూటలు అన్నం మానేస్తుంది. బీపీ మాత్ర వేసుకోదు. "నేను పోయాక తెలుస్తుందిలే" అని పక్కింటావిడతో అంటుంది, కూతురికి వినిపించేంత గట్టిగా. అలాంటి ఇంట్లో గొంతు పెంచిన పాత్ర ఆ క్షణానే ఓడిపోతుంది, ఎందుకంటే అరిచినవాళ్లే దోషులవుతారు. అక్కడ మీ పాత్ర మాత్ర తెచ్చి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, తల్లి మింగేదాకా నిలబడి, ఆ తర్వాత బస్సెక్కుతుంది. తిరుగుబాటు చాలావరకు ఆ మాత్ర ఇవ్వడంలోనే జరిగిపోయింది. బస్సెక్కడాన్ని ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు.

పనిముట్టుకి తగిన జవాబు అంటే ఏమిటో చూడాలంటే 'కన్యాశుల్కం' తిరగేయండి. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడ పెద్దగా తిరగరాసిన నాటకం అది. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలనుకుంటాడు. ఆయన కోపానికి ఎదురుచెప్పి లాభం లేదు. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆ లుబ్ధావధాన్లుకే అంటగడతాడు. పెత్తనం బేరం రూపంలో ఉంది కాబట్టి జవాబు ఆ బేరంలోకి దొంగసరుకు దించడమైంది. కరటకశాస్త్రి చేత బాల్యవివాహాల మీద ఉపన్యాసం ఇప్పించి ఉంటే ఆ కథ ఇంతకాలం బతికేది కాదు.

అదే ఇంట్లో కొడుకు వెంకటేశం దారి వేరు. తండ్రి మోజు పడ్డ ఇంగ్లీషు చదువే వాడికి రక్ష, ఎందుకంటే ఆ చదువు ఎంతవరకు వచ్చిందో కొలిచి చూసేవాళ్లు ఇంట్లో లేరు. వితంతువైన పెద్దకూతురు బుచ్చమ్మ, తమ్ముడికి చదువు చెప్పే గిరీశంతో లేచిపోతుంది. ఒకే తండ్రి కింద పెరిగినవాళ్ల దారులు ఇంత వేరుగా ఉన్నాయి. మీ కథలో అన్నాచెల్లెళ్లు ఒకే రకంగా ఎదురు తిరుగుతున్నారంటే వాళ్లలో ఒకరు అనవసరం.

రెండో మెట్టు: పెద్దాయనకి ఒక భయం ఇవ్వండి, ఒక్కసారైనా ఆయన మాట నిజం కానివ్వండి

వీరభద్రరావు కూతుర్ని ఎందుకు పంపడు? "ఛాదస్తం" అని రాసి ముందుకెళ్తే ఆయన అట్టబొమ్మ అవుతాడు. ఆయన తమ్ముడు ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో వ్యాపారమని వెళ్లి, అప్పులతో తిరిగొచ్చాడనుకుందాం. ఆ అప్పు తీర్చడానికి నాలుగెకరాల మాగాణి అమ్మారు. ఊరు దాటినవాళ్లు మునిగి తిరిగొస్తారన్నది ఆయన కళ్లారా చూసిన సంగతి. ఇప్పుడు ఆయన చేసే పెత్తనం తప్పే, కానీ అర్థమయ్యే తప్పు.

ఆ భయాన్ని పాఠకుడికి ఫ్లాష్‌బ్యాక్‌లో విప్పి చెప్పాలన్న ఆత్రం వద్దు. రచయితకి తెలిస్తే సరిపోతుంది. బాబాయి పండక్కి వచ్చినప్పుడు వీరభద్రరావు ఆయనకి ఎదురుగా కూర్చుని భోజనం చెయ్యడు, అంతే.

పెత్తనం చెయ్యడానికి మనిషి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు తండ్రి ఆస్తి దానధర్మాలకి కరగదీసి, పోతూ పోతూ వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని చెప్పి పోతాడు. చచ్చిపోయినవాడితో వాదించలేం, బతిమాలలేం, ఆయన మనసు మారేదాకా ఆగలేం. సీతారామారావు ఆ మాటని మోయలేడు, దించలేడు. చివరికి కోపమంతా తన మీదకే తిరుగుతుంది. గోడ మీద దండ వేసిన ఫొటో మీ కథలో ఉంటే, ఆ ఫొటోకి సమాధానం చెప్పడం ఇంట్లో తిరిగే తండ్రికి చెప్పడం కన్నా కష్టమని గుర్తుంచుకోండి.

మూడో మెట్టు: జవాబు రకం ఎంచుకోండి

లొంగిపోవడం, ఎదిరించడం అని రెండే దారులున్నట్టు చాలామంది రాస్తారు. మన పాత కథల్లో ఇంతకన్నా ఎక్కువ రకాలున్నాయి. కొన్నిటి మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

నచికేతుడు తండ్రి మాట అక్షరాలా పాటించాడు. వాజశ్రవసుడు యాగంలో వట్టిపోయిన ఆవుల్ని దానం చేస్తుంటే పిల్లవాడు చూశాడు. "నన్నెవరికిస్తావు నాన్నా" అని ఒకటికి మూడుసార్లు అడిగాడు. విసుగెత్తిన తండ్రి "నిన్ను మృత్యువుకిస్తా" అన్నాడు. పిల్లవాడు బయల్దేరాడు. నోరుజారి అన్న మాటని శాసనంగా తీసుకోవడం కన్నా ఇబ్బందికరమైన తిరుగుబాటు తండ్రికి ఏముంటుంది! మాట మీద నిలబడే తండ్రులున్న ఇళ్లలో ఈ రకం బాగా నప్పుతుంది.

చిరకారి కథ భారతంలో శాంతిపర్వంలో ఉంది. ఎక్కువమందికి తెలియదు, కథలు రాసేవాళ్లకి మాత్రం బంగారం. గౌతముడు భార్య మీద కోపంతో, తల్లిని చంపమని కొడుకుకి చెప్పి అడవిలోకి వెళ్లిపోతాడు. ఏ పనైనా నిదానంగా ఆలోచించి చేసే అలవాటున్న చిరకారి, తండ్రి మాట గొప్పదా తల్లి ప్రాణం గొప్పదా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. ఈలోగా తండ్రి కోపం దిగి, ఏడుస్తూ తిరిగొస్తాడు. తల్లి బతికే ఉంటుంది. అంటే కాదనకుండా చెయ్యకుండా ఉండటం. మన ఇళ్లలో రోజూ నడిచేది ఎక్కువగా ఇదే. "చూద్దాంలే నాన్నా", "ఈ శ్రావణం దాటనివ్వండి", "ఫొటో ఇంకా తీయించుకోలేదు". పెళ్లిచూపుల కథల్లో ఈ వాయిదాలతోనే ఉత్కంఠ నడపొచ్చు. వాయిదా వేసిన ప్రతిసారీ సాకు కొంచెం బలహీనపడుతూ రావాలి, అంతే.

ప్రహ్లాదుడి పద్ధతి వేరే. పోతన పద్యంలో చూడండి: గురువులు చదివించారు, చదివాను, చాలా చదివాను అని వరసగా ఒప్పుకుంటూ పోతాడు. చివరికి "చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ" అంటాడు. ఆ "తండ్రీ" అన్న పిలుపులో మర్యాద ఇసుమంత తగ్గలేదు. తండ్రి పెట్టిన చదువే తండ్రికి ఎదురు తిరిగింది. గొంతు తగ్గించి, పిలుపు నిలిపి, విషయంలో మాత్రం ఒక్క అంగుళం జరగని పాత్ర రాయాలంటే ఈ ఒక్క పద్యం చాలు.

పరశురాముడు తండ్రి చెప్పిన ఘోరం చేసేసి, ఆ వెంటనే వరంగా తల్లిని బతికించమని అడిగాడు. ముందు లొంగి, ఆ లొంగుబాటుకి ప్రతిఫలంగా జరిగినదాన్ని రద్దు చేయించుకోవడమన్నమాట. ఆధునిక కథలో దీన్ని వాడేటప్పుడు జాగ్రత్త, ఇప్పుడు వరాలిచ్చేవాళ్లు లేరు. తండ్రి చెప్పిన సంబంధం చేసుకుని తర్వాత బాగుచేసుకుందామనుకున్న పాత్రకి ఆ రెండో సగం దొరకదు. కథ అక్కడే ఉంది.

ఇక పారిపోవడం, అబద్ధాలతో రెండు జీవితాలు గడపడం, లోపల్లోపలే నలిగిపోవడం అందరికీ తెలిసినవే. మీ పాత్రకి ఏది నప్పుతుందో మొదటి మెట్టులో రాసిన పనిముట్టుని అడగండి. లలిత విషయంలో పనిముట్లు రెండు కనిపిస్తాయి, బీరువాలోని కాగితాలూ తండ్రి మంచితనమూ. తాళం పగలగొడితే ఆమె దొంగ అవుతుంది. అరిస్తే కృతఘ్నురాలవుతుంది. కానీ ఆమె చేతిలోనూ ఒకటుంది: ఖాతా పుస్తకం. "లెక్క సరిగ్గా రాయమ్మా" అని తండ్రే అప్పగించాడు. నచికేతుడి దారి ఆమెకి తెరిచి ఉంది.

నాలుగో మెట్టు: ఎవరు ఎవరితో మాట్లాడతారో గీసుకోండి

తెలుగు ఇళ్లలో తండ్రితో గొడవ తండ్రితో జరగదు. వంటింట్లో అమ్మతో జరుగుతుంది. "నువ్వే చెప్పు మీ ఆయనకి" అని కూతురంటుంది, "మీ నాన్న సంగతి నీకు తెలీదా" అని తల్లంటుంది. ఆ రాత్రి తల్లి ఆ మాటని సగం మార్చి భర్తకి చేరవేస్తుంది. జవాబు మర్నాడు ఇంకో సగం మారి తిరిగొస్తుంది. ఈ మారిపోవడంలోనే కథకి కావలసినంత సరుకుంది. తల్లి ఏ ముక్క దాచింది, ఎందుకు దాచింది? ఆమెకీ భయముంది, ఆమెకీ ఆ ఇంట్లో ఒక చిన్న పెత్తనముంది. ఈ మధ్యవర్తిత్వం పోతే ఆమె చేతిలో ఏమీ మిగలదు.

పిలుపులు మొదటే స్థిరం చేసుకోండి. లలిత తండ్రిని "నువ్వు" అంటుందా, "మీరు" అంటుందా? రెండూ మన ఇళ్లలో ఉన్నవే, ఇంటినిబట్టి, ఊరినిబట్టి. ఒకటి ఎంచుకుని కథంతా నిలబెడితే, ఒకే ఒక్క చోట అది మారినప్పుడు చెంపదెబ్బ అంత గట్టిగా తగులుతుంది. అన్నాళ్లూ "నాన్నా, నువ్వు" అన్న కూతురు ఒకరోజు "మీరు చెప్పినట్టే చేస్తాను" అందంటే, ఇక సంభాషణ అక్కర్లేదు.

ఐదో మెట్టు: పెద్ద తిరుగుబాటుకి ముందు చిన్నవి పేర్చండి

పదిహేను పేజీలు మౌనంగా ఉన్న పాత్ర పదహారో పేజీలో పేలితే పాఠకుడు నమ్మడు. ముందు చిన్నవి కావాలి. తండ్రి పేరు చెప్పి కొన్న పెన్ను పారేసుకోవడం, ఫోన్ రెండోసారి మోగేదాకా ఎత్తకపోవడం, కూరలో ఉప్పు గురించి అబద్ధం చెప్పడం. ఇవి తండ్రి దృష్టికి రాకపోయినా పాఠకుడు లెక్కపెట్టుకుంటాడు.

అబద్ధాలు వాడితే వాటికొక పద్దు రాసుకోండి. లలిత స్నేహితురాలి పెళ్లికని చెప్పి గుంటూరు వెళ్లి కోచింగ్ సెంటర్ చూసొచ్చిందనుకుందాం. ఆ పెళ్లి ఫొటోలు ఎవరడుగుతారు? అక్షింతలు ఏవి? కట్నం ఎంత చదివించావని అమ్మ అడిగితే? ప్రతి అబద్ధం ఇంకో ఇద్దర్ని లోపలికి లాగుతుంది. లాగకపోతే ఆ ఇంట్లో అదుపే లేదన్నమాట, మీ కథ పునాది కదిలిపోతుంది.

ఆరో మెట్టు: ఎదురుపడే సన్నివేశం

దీన్ని చిన్నదిగా, వీలుకాని సమయంలో, మూడో మనిషి ఎదురుగా రాయండి. ఇద్దరూ తీరిగ్గా గదిలో కూర్చుంటే ఉపన్యాసాలు తన్నుకొస్తాయి. మూడో మనిషి ఉంటే అన్ని మాటలూ వంకర తిరగాల్సి వస్తుంది.

లలిత కొట్లో సాయంత్రం. తండ్రి చిన్ననాటి స్నేహితుడు కోటయ్య మళ్లీ అరువుకి వచ్చాడు. పంట చేతికొచ్చాక కడతాననడం, ఈయన అడగకపోవడం, రెండూ అలవాటే. లలిత ఖాతా పుస్తకం తెరిచింది.

"పోయిన జూన్ నుంచి మామయ్యా, డీఏపీ పన్నెండు బస్తాలు. పురుగుమందు రెండుసార్లు. జమ ఏమీ లేదు."

వీరభద్రరావు తల ఎత్తాడు. "అది నేను చూసుకుంటాలేమ్మా."

"లెక్క సరిగ్గా రాయమన్నావుగా నాన్నా. రాసింది చదువుతున్నా."

కోటయ్య నవ్వబోయి ఆగాడు. "అమ్మాయికి లెక్కలు బాగా వచ్చాయే, వీరభద్రం."

"వచ్చాయి మామయ్యా. కాగితం కూడా ఉంది, నాన్న బీరువాలో."

కోటయ్య పోయాక తండ్రి చాలాసేపు బస్తాల వైపు చూసి అన్నాడు: "మీ బాబాయి కూడా లెక్కలు ఇంత బాగానే చదివేవాడు."

చూశారా, హైదరాబాద్ అన్న మాటే రాలేదు. అదుపు తండ్రి మంచితనంతో నడుస్తోంది కాబట్టి దెబ్బ ఆయన మంచితనం మీదే పడింది, అదీ ఆయన ఇచ్చిన ఆజ్ఞతోనే. ఆఖరి బలమైన మాట మాత్రం తండ్రికిచ్చాను. ఇది నా పట్టుదల: ఎదురుపడే సన్నివేశంలో గట్టి వాక్యం పెత్తనం చేసేవాళ్ల నోట రావాలి. మీకు నచ్చిన పాత్రకే మంచి మాటలన్నీ ఇస్తే అది రచయిత తన వాళ్లని గెలిపించుకోవడం అవుతుంది. బీరువా మాట మరీ తెలివిగా ఉందనిపిస్తే తీసేసి చదవండి. మొదటి డ్రాఫ్టులో ఉంచి, చివరి డ్రాఫ్టులో దాని గురించి నిర్ణయం తీసుకోవడం మంచిది.

ఏడో మెట్టు: మర్నాడు ఏం జరుగుతుంది?

చాలా కథలు సన్నివేశం దగ్గరే ఆగిపోతాయి. పెత్తనం చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఒక పనిముట్టు పని చెయ్యకపోతే ఇంకోటి అందుకుంటారు. వీరభద్రరావు మర్నాడు ఖాతా పుస్తకం గుమాస్తాకి అప్పగించి, "ఎండల్లో నువ్వెందుకమ్మా, ఇంట్లో ఉండు" అంటాడు. కంఠంలో ప్రేమే ఉంటుంది. లలిత చేతిలో ఉన్న ఒక్క ఆయుధం పోయింది. ఇప్పుడు కథ రెండో అంచెలోకి దిగింది, ఆమె ఇంకేదో వెతుక్కోవాలి. ఇలా రెండు మూడు ఎత్తులు నడిస్తేనే నవల అవుతుంది. కథకి ఒకటి చాలు.

మూల్యం కూడా ఇక్కడే రాయాలి. బుచ్చమ్మ తండ్రి చెయ్యి దాటింది, కానీ దాటింది గిరీశం మాట నమ్మి. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు ఆమెని పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. ఒక అదుపులోంచి బయటపడ్డవాళ్లు ఇంకొకరి చేతుల్లో పడటం ఎంత తేలికో గురజాడ దాచలేదు. మీ పాత్రకి స్వేచ్ఛ దొరికితే, దాన్ని తెచ్చిచ్చిన మనిషి ఎవరో, ఆయనకేం కావాలో ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. ఎదిరించిన పాత్ర తన కింద ఉన్నవాళ్లతో ఎలా ఉంటుంది? తండ్రిని ఎదిరించిన అక్క తమ్ముడి ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతుందేమో. రాయండి, వెనకాడకండి.

ఇల్లు కాకుండా వేరే పెత్తనమైతే

హాస్టల్ వార్డెన్, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ, ఆఫీసు మేనేజరు, ఊళ్లో పెద్దమనిషి. వీళ్ల విషయంలో రెండు తేడాలు. ఒకటి, నియమాలు రాసి ఉంటాయి కాబట్టి వాటిలో సందులూ ఉంటాయి. స్టడీ అవర్లో తల వంచుకుని కూర్చున్న కుర్రాడు ఏం చదువుతున్నాడో లెక్చరర్‌కి వెనక బెంచీ నుంచి కనిపించదు. రెండు, అక్కడ పాత్ర ఒంటరిది కాదు, అదే అదుపు కింద ఇంకా వంద మంది ఉంటారు. అందులో ఒకడు చాడీలు చెబుతాడు. వాడు విలన్‌గా ఉండక్కర్లేదు, ఫీజు రాయితీ పోతుందన్న టెన్షన్ చాలు.

ఆఫీసు పెత్తనం కింద మనిషి ఎంత చిన్నవాడైపోతాడో చూడాలంటే రావిశాస్త్రి 'అల్పజీవి' చదవాలి. ఆఫీసులోనూ ఇంట్లోనూ అందరికీ జంకే సుబ్బయ్యలో భయం ఒక ఘటనగా కాకుండా ఒంటి అలవాటుగా కనిపిస్తుంది. అలాంటి పాత్ర ఎదురు తిరగడం కోసం పాఠకుణ్ణి ఎదురుచూడనివ్వండి, తిరుగుతుందని మాత్రం మాటివ్వకండి.

చివరి మెట్టు: దిద్దుబాటు

డ్రాఫ్టు పూర్తయ్యాక వారం పక్కన పెట్టి ఈ పనులు చెయ్యండి. ముందుగా కథని తండ్రి వైపు నుంచి ఒక పేజీ రాయండి, అచ్చుకి కాదు, మీకోసం. అందులో ఆయన తనని తాను మంచివాడనుకోవడానికి కారణం దొరకకపోతే రెండో మెట్టుకి వెనక్కి వెళ్లాలి. తర్వాత "స్వేచ్ఛ", "మనసు", "అర్థం చేసుకో" అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో వెతికి, ఆ వాక్యాలు కొట్టేసి చదవండి. కథ ఇంకా నిలబడితే అవి అక్కర్లేదు. ఆ తర్వాత సంభాషణలు పైకి చదవండి, వీలైతే ఆ ప్రాంతపు యాస తెలిసినవాళ్ల ముందు. నరసరావుపేట తండ్రి రాజమండ్రి తండ్రిలా మాట్లాడుతుంటే వాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఆఖరున, పనిముట్టు పేరు రాసుకున్న మొదటి కాగితం బయటికి తీయండి. దాన్ని మార్చి ఊహించండి: కాగితాల బదులు కన్నీళ్లు, మంచితనం బదులు డబ్బు. పనిముట్టు మార్చినా మీ పాత్ర ఇచ్చిన జవాబు అలాగే అతికిపోతోందంటే, ఆ జవాబు ఏ కథలోనైనా అతుకుతుంది. మూడో మెట్టు నుంచి మళ్లీ రాయండి.